అప్లికేషన్ డేటా ఫోల్డరు

అప్లికేషన్ డేటా ఫోల్డరు అనగా, కంప్యూటరులోని ప్రోగ్రాములు తమను వాడే ఒక్కొక్క వాడుకరికి సంబంధించిన సమాచారాన్ని విడివిడిగా దాచుకొనే చోటు. వాడుకరి స్వయంగా తయారుచేసి, పేరు పెట్టి భద్రపరచిన ఉత్తరాలు, పద్దులు, ఛాయాచిత్రాలు సాధారణంగా ఇందులో ఉండవు. అతడు పని చేసుకొంటూ ఉండగా ప్రోగ్రాము తనంతట తాను వ్రాసి పెట్టుకొన్నవి ఇందులో ఉంటాయి. బ్రౌజరులో గుర్తు పెట్టుకొన్న పేజీలు, సంకేతపదాలు, వర్డ్ ప్రాసెసరు నిఘంటువుకు చేర్చిన కొత్త మాటలు, పత్రాల నమూనాలు, కొన్ని మెయిల్ ప్రోగ్రాములలోనైతే వచ్చిన ఉత్తరాలన్నీ ఈ కోవకు చెందినవే. విండోస్ నిర్వహణ వ్యవస్థలో దీనిని ప్రస్తుతం యాప్‌డేటా అంటారు. మాక్ లో లైబ్రరీ అనే ఫోల్డరు, లినక్సులో చుక్కతో మొదలయ్యే పేర్లు గల ఫోల్డర్లు ఇదే పని చేస్తాయి.

ఈ ఫోల్డరు మామూలుగా కంటికి కనిపించదు. అందువలన కంప్యూటరును ఫార్మాట్ చేయించే సమయంలో డెస్క్‌టాప్ మీద ఉన్నవి, డాక్యుమెంట్స్ లో ఉన్నవి నకలు తీసి, దీనిని వదిలివేయడం తరచుగా జరుగుతుంది. పోయిన తరువాతనే ఇటువంటిది ఒకటి ఉండేదని తెలుస్తుంది. తెలుగులో వ్రాసేవారికి ఈ నష్టం ఇంగ్లీషులో వ్రాసేవారికంటె ఎక్కువ. అందుకు కారణం ఈ వ్యాసంలో తెలుగు నిఘంటువును గురించిన భాగంలో వివరించబడినది.

వాడుకరి ప్రొఫైలు

ఒకే కంప్యూటరును ఇంటిలో నలుగురు వాడుతున్నప్పుడు ఒకరి అలవాట్లు మరొకరికి అడ్డు రాకూడదు. తాతగారికి తెర మీది అక్షరాలు పెద్దవిగా కావాలి. మనుమడికి ఆటలో తాను చేరుకొన్న మెట్టు మరునాటికి నిలిచి ఉండాలి. కోడలి మెయిల్ పెట్టె మరొకరు తెరవగూడదు. ఇందుకోసం నిర్వహణ వ్యవస్థ ఒక్కొక్క ఖాతాకు ఒక్కొక్క ప్రొఫైలు ఫోల్డరును ఏర్పాటు చేస్తుంది. అందులో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ వంటివి వాడుకరి ఎదుట ఉండేవి. అప్లికేషన్ డేటా మాత్రం ప్రోగ్రాముల కోసం లోపలి వైపున ఉండేది.

దీనిని గోదావరి జిల్లాల పాత పెంకుటిళ్ళలోని అటకతో పోల్చవచ్చును. అటక మీద ఏమున్నదో రోజూ ఎవరూ చూడరు. ఇల్లు మారేటప్పుడు మాత్రం అటక దించకుండా బండి కదలదు. కంప్యూటరు మారేటప్పుడు జరిగే పొరపాటు సరిగా ఇక్కడే: బండి కదులుతుంది, అటక అలాగే ఉండిపోతుంది.

వాడుకరులందరికీ ఉమ్మడిగా ఉండవలసిన సమాచారానికి విండోస్ లో ప్రోగ్రామ్‌డేటా అనే మరొక ఫోల్డరు ఉన్నది. ఇది ఎవరి ప్రొఫైలులోనూ ఉండదు, సి డ్రైవులో నేరుగా ఉంటుంది. ఇదికాక, ఒక్కొక్క వాడుకరికి చెందిన రిజిస్ట్రీ భాగం ఎన్‌టియూజర్ అనే దాగిన ఫైలులో ప్రొఫైలు మొదటి మెట్టులోనే ఉంటుంది. అది ఈ వ్యాసానికి సంబంధించినది కాదు గాని, ఖతుల విషయంలో ఒకసారి దాని ప్రసక్తి వస్తుంది.

విండోస్ లో పరిణామం

డాస్ రోజులలోను, 1992లో వచ్చిన విండోస్ 3.1 లోను వాడుకరి అనే భావనే లేదు. ప్రోగ్రాము తన అమరికలను తన ఫోల్డరులోనో, విండోస్ ఫోల్డరులోనో వ్రాసుకొనేది. కంప్యూటరు ముందు ఎవరు కూర్చున్నా దానికి ఒక్కటే. 1995లో వచ్చిన విండోస్ 95 లో వేర్వేరు ప్రొఫైళ్ళు పెట్టుకొనే వీలు ఉన్నప్పటికీ ఇళ్ళలో దానిని వాడినవారు తక్కువ. 1996 నాటి విండోస్ ఎన్‌టి 4.0 లో ప్రొఫైళ్ళు వ్యవస్థ ఫోల్డరు లోపలనే ఉండేవి, వాటిలో అప్లికేషన్ డేటా అనే పేరు గల ఫోల్డరు ఉండేది.

విండోస్ 2000, దాని తరువాత 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి, ప్రొఫైళ్ళను అక్కడి నుండి బయటకు తెచ్చి డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అనే ఫోల్డరులో పెట్టినవి. అందులో వాడుకరి పేరు, దాని లోపల అప్లికేషన్ డేటా, మళ్ళీ లోకల్ సెట్టింగ్స్ అనే దాని లోపల రెండవ అప్లికేషన్ డేటా. ఒకే పేరు గల రెండు ఫోల్డర్లు వేర్వేరు చోట్ల ఉండడం వలన చాలామంది ఒకదానిని నకలు తీసి రెండవదానిని మరచిపోయేవారు. ఆ రోజులలో విస్తారంగా వాడిన ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉత్తరాలు ఈ రెండవదానిలోనే ఉండేవి. ఫార్మాట్ చేయించి పాత ఉత్తరాలు పోగొట్టుకొన్నవారు ఎందరో ఉన్నారు.

పేర్లకు సంబంధించి మరొక చిక్కు ఉండేది. జర్మన్ వంటి భాషలలో విడుదలైన ఎక్స్‌పిలో ఈ ఫోల్డర్ల అసలు పేర్లే ఆయా భాషలలో ఉండేవి. ఇంగ్లీషు పేరును ప్రోగ్రాములో నేరుగా వ్రాసేసిన వారి ప్రోగ్రాములు అక్కడ దారి తప్పేవి. ఫోల్డరు ఎక్కడున్నదో నిర్వహణ వ్యవస్థనే అడిగి తెలుసుకోవాలి తప్ప ఊహించి వ్రాయరాదు అనే నియమానికి ఇది మంచి ఉదాహరణ.

2006 చివరలో సంస్థలకు, 2007 జనవరిలో అందరికీ విడుదలైన విండోస్ విస్టా ఈ అమరికను సరిచేసినది. ప్రొఫైళ్ళ ఫోల్డరుకు యూజర్స్ అనే పొట్టి పేరు వచ్చినది. రెండు అప్లికేషన్ డేటాలు యాప్‌డేటా అనే ఒక్క కప్పు కిందికి వచ్చినవి. ఫోల్డర్ల అసలు పేర్లు అన్ని భాషలలోను ఇంగ్లీషులోనే ఉంచి, తెర మీద చూపే పేరు మాత్రం వాడుకరి భాషలో చూపడం మొదలైనది. విండోస్ 7, 8, 10, 11 లలో కూడా ఈ అమరికే కొనసాగుతున్నది.

పాత ప్రోగ్రాముల కోసం పాత పేర్లు కూడా దారి చూపే పలకలవలె మిగిల్చారు. దాగిన ఫైళ్ళను చూపమన్నప్పుడు అప్లికేషన్ డేటా అనే ఫోల్డరు కనిపించి, దానిని నొక్కితే అనుమతి లేదని సందేశం వచ్చేది అందుకే. అది వైరస్ కాదు, లోపమూ కాదు. దాని అనుమతులను మార్చి తెరవడానికి ప్రయత్నించకూడదు.

రోమింగ్, లోకల్, లోకల్‌లో

యాప్‌డేటా లోపల మూడు ఫోల్డర్లు ఉంటాయి. వీటి పేర్లే చాలా అపోహలకు మూలం.

హాస్టలులో చదివే విద్యార్థి సెలవులకు ఇంటికి వచ్చినా, వేరే హాస్టలుకు మారినా ట్రంకుపెట్టెను వెంట తీసుకొనిపోతాడు. మంచం మాత్రం హాస్టలులోనే ఉంటుంది. రోమింగ్ అనేది ట్రంకుపెట్టె, లోకల్ అనేది మంచం. ఒక సర్వరుకు కలిపిన కంప్యూటర్లు గల కార్యాలయంలో లేక కళాశాల ప్రయోగశాలలో నిర్వాహకుడు తగిన ఏర్పాటు చేసినట్లయితే, వాడుకరి ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా అతని రోమింగ్ సమాచారం సర్వరు నుండి అక్కడికి దిగుతుంది. లేచి వెళ్ళేటప్పుడు తిరిగి సర్వరుకు చేరుతుంది. పెద్ద పెద్ద ఫైళ్ళు ఇందులో చేరితే ప్రతి ఉదయం ప్రవేశానికి చాలాసేపు వేచి ఉండవలసి వస్తుంది. అందుకే తాత్కాలికమైనవి, ఆ యంత్రానికి మాత్రమే పనికివచ్చేవి, మళ్ళీ తయారుచేసుకోగలిగినవి లోకల్ లో ఉండాలని నియమం.

నియమాన్ని అందరూ ఒకే విధంగా పాటించరు. ఫైర్‌ఫాక్స్ తన ప్రొఫైలును రోమింగ్ లో ఉంచి, చూసిన పేజీల తాత్కాలిక ప్రతులను మాత్రం లోకల్ లో పెడుతుంది. క్రోమ్ సమస్తమూ లోకల్ లోనే పెడుతుంది. కనుక లోకల్ లో ఉన్నదంతా చెత్త అనుకొని తుడిచివేయడం ప్రమాదకరం. అందులో టెంప్ అనే ఫోల్డరును మాత్రం, ప్రోగ్రాములన్నీ మూసిన తరువాత, సాధారణంగా నిర్భయంగా ఖాళీ చేయవచ్చును.

రోమింగ్ అనే పేరు చూసి, అందులో ఉన్నది ఎక్కడో అంతర్జాలంలో భద్రంగా ఉంటుందని నమ్మేవారు ఉన్నారు. ఇంటి కంప్యూటరులో రోమింగ్ ఎక్కడికీ పోదు. ఆ డిస్కు చెడిపోతే అదీ పోతుంది. వన్‌డ్రైవ్ సదుపాయం కూడా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లను భద్రపరుస్తుంది గాని యాప్‌డేటాను కాదు.

మూడవదైన లోకల్‌లో విస్టాతో వచ్చినది. ఇందులోని చివరి ‘లో’ తెలుగు విభక్తి కాదు, తక్కువ అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాట. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వంటి, బయటి ప్రపంచంతో నేరుగా వ్యవహరించే ప్రోగ్రాములను తక్కువ అధికారంతో నడిపి, అవి ఈ ఒక్క చోట మాత్రమే వ్రాసుకొనేటట్లు కట్టడి చేయడం దీని ఉద్దేశం. సామాన్య వాడుకరికి దీనితో పని పడదు.

2012లో విండోస్ 8 తో మొదలైన స్టోర్ అనువర్తనాలు లోకల్ లోపల ప్యాకేజెస్ అనే ఫోల్డరులో తమ తమ గదులు కట్టుకొంటాయి. తెర మీద పసుపు చీటీలు అంటించే స్టికీ నోట్స్ విండోస్ 7 లో తన చీటీలను రోమింగ్ లో ఉంచేది, విండోస్ 10 లో ఈ ప్యాకేజెస్ లోనికి మారినది. పాత దారి తెలిసినవారు కూడా కొత్త కంప్యూటరులో దానిని కనుగొనలేకపోవడానికి ఇటువంటి మార్పులే కారణం.

కనిపించకుండా ఉంచడం

వాడుకరి తెలియక తుడిచివేయకుండా ఉండడానికి ఈ ఫోల్డరుకు దాగినది అనే లక్షణం ఇవ్వబడినది. విండోస్ లో దీనిని తెరవడానికి తేలికైన మార్గం, విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కగా వచ్చే చిన్న పెట్టెలో యాప్‌డేటా అనే మాటను ఇంగ్లీషు అక్షరాలతో, ముందొకటి వెనుకొకటి శాతం గుర్తు (%) పెట్టి వ్రాయడం. దీనితో రోమింగ్ తెరుచుకొంటుంది. ఒక మెట్టు పైకి వెళితే మిగిలిన రెండూ కనిపిస్తాయి. దాగిన ఫైళ్ళను చూపించమని ఫైల్ ఎక్స్‌ప్లోరరులో ఎంచుకొనడం రెండవ మార్గం.

లినక్సులోను, మాక్ లోను

యూనిక్స్ మొదటి నుండి పలువురు వాడుకరుల కోసం పుట్టిన వ్యవస్థ. కాబట్టి దాని సంతతిలో ప్రతి వాడుకరికి ఒక ఇంటి ఫోల్డరు ఉన్నది. అమరికల ఫైళ్ళ పేర్లు చుక్కతో మొదలవుతాయి, అటువంటి పేర్లను జాబితాలో చూపకపోవడం ఆచారం. ఈ ఆచారం ఆలోచించి పెట్టినది కాదని, జాబితా చూపే ఆదేశంలో ఒక చుక్క, రెండు చుక్కలు అనే ప్రత్యేక పేర్లను దాటవేయడానికి తొందరలో వ్రాసిన షరతు వలన చుక్కతో మొదలయ్యే పేర్లన్నీ కనిపించకుండా పోయాయని, యూనిక్స్ రూపకర్తలతో కలిసి పనిచేసిన రాబ్ పైక్ 2012లో వివరించాడు. పొరపాటుగా మొదలైనది ఇప్పుడు తీసివేయలేని సంప్రదాయమైనది.

ప్రతి ప్రోగ్రామూ ఇంటి ఫోల్డరులో ఒక చుక్క ఫోల్డరు పెట్టుకొనగా అది చిందరవందరగా తయారయ్యేది. దానిని చక్కబెట్టడానికి 2003 ప్రాంతంలో ఎక్స్‌డిజి అనే నిర్దేశం వచ్చినది. దీని ప్రకారం అమరికలు చుక్క కాన్ఫిగ్ లో, మిగిలిన సమాచారం చుక్క లోకల్ లోని షేర్ లో, తాత్కాలికమైనవి చుక్క క్యాష్ లో ఉండాలి. 2021లో వీటికి తోడుగా స్టేట్ అనే ఫోల్డరు చేర్చారు. ఏది పోయినా ఫరవాలేదో పేరులోనే తెలియడం ఈ పద్ధతిలోని గొప్ప సుగుణం. విండోస్ లో ఈ స్పష్టత లేదు.

మాక్ లో వాడుకరి లైబ్రరీ లోపల అప్లికేషన్ సపోర్ట్, ప్రిఫరెన్సెస్, క్యాషెస్ అని విభాగాలు ఉంటాయి. 2011లో వచ్చిన లయన్ అనే రూపాంతరం నుండి ఈ లైబ్రరీని దాచి ఉంచుతున్నారు. ఫైండరులో గో అనే పట్టీని తెరిచి ఆప్షన్ మీటను నొక్కి పట్టుకొంటే అది జాబితాలో కనిపిస్తుంది.

తెలుగు ఖతులు

రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు, భీమవరం, అమలాపురం వంటి పట్టణాలలో శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు కూర్చే డిటిపి కేంద్రాలకు ఖతులే పెట్టుబడి. చాలాకాలం వీరి పని పేజ్‌మేకరులో, అను వంటి యూనికోడేతర ఖతులతో సాగినది. యూనికోడేతర ఖతితో కూర్చిన పత్రం ఆ ఖతి లేని కంప్యూటరులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనిపిస్తుంది. అందుచేత ఏ ఖతి ఏ ఫోల్డరులో ఉన్నదో తెలియడం వారికి జీవనాధారానికి సంబంధించిన విషయం.

విండోస్ ఎక్స్‌పితో పాటు 2001లో వచ్చిన తెలుగు యూనికోడ్ ఖతి పేరు గౌతమి. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలే పాయలలో ఒకదాని పేరు కూడా ఇదే. తరువాత విండోస్ 7 తో వాణి, విండోస్ 8 తో నిర్మలా యూఐ వచ్చినవి. విండోస్ 10 నుండి గౌతమి, వాణి ఐచ్ఛికమైనవి, కోరుకొంటేనే వస్తాయి. ఇవన్నీ విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ లో, అందరికీ ఉమ్మడిగా ఉంటాయి. అప్పట్లో వాడుకరి తెచ్చుకొన్న పోతన, వేమన వంటి ఖతులు కూడా అక్కడికే చేరేవి. అందుకు నిర్వాహక అధికారం కావలసి వచ్చేది.

2018 అక్టోబరు నాటి విండోస్ 10 రూపాంతరం ఈ పద్ధతిని మార్చినది. ఇప్పుడు మామూలుగా ఖతిని స్థాపిస్తే అది ఆ వాడుకరి యాప్‌డేటాలో, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ అనే వరుసలో చేరుతుంది. అందరికీ కావాలంటే ఖతి మీద కుడి మీట నొక్కి, వాడుకరులందరి కోసం అనే ఎంపికను ప్రత్యేకంగా ఎంచుకోవాలి. దీని ఫలితాలు రెండు. పగటి ఉద్యోగి తన ఖాతాలో స్థాపించిన సురన్న, గిడుగు వంటి ఖతులు సాయంత్రం వేరే ఖాతాతో కూర్చొనే ఉద్యోగికి కనిపించవు. రెండవది, ఫార్మాట్ కు ముందు పాత అలవాటు కొద్దీ విండోస్ లోని ఫాంట్స్ ను మాత్రమే నకలు తీస్తే, 2018 తరువాత చేర్చుకొన్నవి చాలా వరకు పోతాయి. ఆ ఫోల్డరును అలాగే తెచ్చి కొత్త కంప్యూటరులో అదే చోట అతికించినా సరిపోదు. వాటి వివరం పైన చెప్పిన రిజిస్ట్రీలో కూడా నమోదు కావాలి కనుక తిరిగి స్థాపించుకోవలసినదే.

లినక్సులో చుక్క లోకల్, షేర్ లోపలి ఫాంట్స్, మాక్ లో లైబ్రరీ లోపలి ఫాంట్స్ ఒక్కొక్క వాడుకరికి చెందిన ఖతుల స్థానాలు. ఆ రెండింటిలోను ఈ సదుపాయం ఎప్పటి నుండో ఉన్నది.

సొంత నిఘంటువు

అక్షరదోషాలను చూపే ప్రోగ్రాము తనకు తెలియని మాట కింద ఎర్రగీత గీస్తుంది. ఆ మాట సరియైనదే అయితే వాడుకరి దానిని నిఘంటువుకు చేర్చుతాడు. ఇంగ్లీషులో ఒక ఊరిపేరును ఒక్కసారి చేర్చితే పని దాదాపుగా తీరిపోతుంది. తెలుగులో ప్రత్యయాలు మాటకు అతుక్కొని వస్తాయి. ధవళేశ్వరం, ధవళేశ్వరంలో, ధవళేశ్వరానికి, ధవళేశ్వరపు, ధవళేశ్వరమే అన్నవి సొంత నిఘంటువుకు ఐదు వేర్వేరు మాటలు. ఒక్కొక్కదానినీ ఎదురైనప్పుడల్లా చేర్చవలసినదే.

దీనికి తోడు ప్రాంతీయ పదజాలం. కోనసీమలోని ఒక ఊరి చరిత్రను వ్రాయబూనినవారు సార్వా, దాళ్వా, బోదె, పుంత, ఏటిగట్టు, పంటు, దింపు వంటి మాటలు లేకుండా పది పుటలు వ్రాయలేరు. వీటిలో చాలావాటిని, వాటి విభక్తి రూపాలను, ఊళ్ళ పేర్లను, ఇంటిపేర్లను వారే చేర్చుకొంటూ పోతారు. రెండు మూడేళ్ళ పని తరువాత ఆ ఫైలు ఒక చిన్న మాండలిక పదకోశమే అవుతుంది. మరి ఏ పుస్తకంలోనూ అదే రూపంలో దొరకని ఆ పదకోశం యాప్‌డేటాలో ఉంటుంది. వ్రాసిన చరిత్ర డాక్యుమెంట్స్ లో ఉన్నందున ఫార్మాట్ తరువాత కూడా మిగులుతుంది, పదకోశం మిగలదు.

మైక్రోసాఫ్ట్ వర్డ్ 2007 నుండి ఈ నిఘంటువు రోమింగ్ లోని మైక్రోసాఫ్ట్, యూప్రూఫ్ ఫోల్డరులో కస్టమ్ అనే పేరుతో ఉంటుంది. అది మామూలు పాఠ్యపు ఫైలే, నోట్‌ప్యాడ్ లో తెరిచి చదువుకోవచ్చును, ముద్రించుకోవచ్చును కూడా. సాదా పత్రం నమూనా దాని పక్కనున్న టెంప్లేట్స్ లో ఉంటుంది. పొట్టి మాట కొడితే పెద్ద మాట పడేటట్లు చేసుకొన్న ఆటోకరెక్ట్ జాబితాలు రోమింగ్, మైక్రోసాఫ్ట్, ఆఫీస్ లో ఒక్కొక్క భాషకు ఒక్కొక్క ఫైలుగా ఉంటాయి. ఫైలు పేరులోని అంకె భాషను సూచిస్తుంది. ఇంగ్లీషుకు 1033, తెలుగుకు 1098.

లిబ్రెఆఫీస్ లో రోమింగ్, లిబ్రెఆఫీస్, 4, యూజర్, వర్డ్‌బుక్ అనే వరుసలో స్టాండర్డ్ అనే ఫైలు చూడాలి. రూపాంతరం సంఖ్య 5, 6, 7 దాటి 24 కు వచ్చినా ఈ ఫోల్డరు పేరు మాత్రం 4 గానే ఉండిపోయినది. దానిని చూసి పాతదని తుడిచివేయరాదు.

తెలుగు పేరుతో ఖాతా

విండోస్ ఖాతాకు తెలుగు లిపిలో పేరు పెట్టుకొనే వీలున్నది. అప్పుడు ప్రొఫైలు ఫోల్డరు పేరు కూడా తెలుగులోనే ఏర్పడుతుంది. యూనికోడ్ తెలిసిన ప్రోగ్రాములకు ఇది ఇబ్బంది కాదు. యూనికోడ్ కు ముందు పద్ధతిలో వ్రాసిన పాత ప్రోగ్రాములకు మాత్రం చిక్కే. రష్యన్, గ్రీకు వంటి భాషలకు విండోస్ లో పాత సంకేత పట్టికలు ఉన్నవి. తెలుగుకు అటువంటి పట్టిక ఎన్నడూ లేదు, యూనికోడ్ ఒక్కటే ఆధారం. అందువలన పాత ప్రోగ్రాముకు తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి, తన యాప్‌డేటాకు దారి దొరకక అది ఆగిపోతుంది. ఖాతా పేరును తరువాత మార్చినా ఫోల్డరు పేరు మారదు.

తెలుగు పేరు పెట్టుకోవాలనే ముచ్చటను ఎవరూ తప్పు పట్టనక్కరలేదు, తప్పు ఆ ప్రోగ్రాములదే. అయినా పాత డిటిపి సాఫ్టువేరును వాడవలసినవారు మొదట ఇంగ్లీషు అక్షరాలతో పొట్టి పేరుతో ఖాతా తెరిచి, ఆ తరువాత తెర మీద కనిపించే పేరును తెలుగులోనికి మార్చుకొనడం మేలు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించేవారికి ఫోల్డరు పేరుగా మెయిల్ చిరునామాలోని మొదటి ఐదు అక్షరాలను విండోస్ తానే పెడుతుంది.

పాత ప్రోగ్రాములతో మరొక విశేషం ఉన్నది. అవి తమ ఫైళ్ళను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులోనే వ్రాయబోతాయి. విస్టా నుండి అందుకు మామూలు వాడుకరికి అనుమతి లేదు. వాటిని ఆపివేయకుండా, అటువంటి 32-బిట్ ప్రోగ్రాములు వ్రాసేదానిని విండోస్ చడీచప్పుడు లేకుండా లోకల్ లోని వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డరుకు మళ్ళిస్తుంది. ఫైలు ప్రోగ్రాములో కనిపిస్తూ, ఆ ప్రోగ్రాము ఫోల్డరును తెరిచి చూస్తే కనిపించనప్పుడు వెదకవలసిన చోటు ఇదే.

గోప్యత

2000లలో ఊరూరా వెలసిన ఇంటర్నెట్ కేంద్రాలలో సాధారణంగా ఒక్కొక్క కంప్యూటరుకు ఒక్కటే ఖాతా ఉండేది. అనగా వచ్చినవారందరికీ అప్లికేషన్ డేటా ఒక్కటే. ఉదయం ఒకరు గుర్తుంచుకోమన్న సంకేతపదం సాయంత్రం మరొకరికి తానై ఎదురయ్యేది. పరీక్షా ఫలితాలకు, దరఖాస్తులకు ఇటువంటి కేంద్రాలకు ఇప్పటికీ వెళ్ళేవారు సంకేతపదాన్ని దాచమంటారా అని బ్రౌజరు అడిగినప్పుడు వద్దనడం అవసరం.

క్రోమ్ దాచిన సంకేతపదాలు విండోస్ ఖాతాతో ముడివేసి గుప్తీకరించబడతాయి. ఫోల్డరును ఎత్తుకొనిపోయి వేరే కంప్యూటరులో పెట్టినంత మాత్రాన అవి తెరుచుకోవు. దొంగకు ఇది అడ్డంకి, ఫార్మాట్ చేసుకొన్న యజమానికీ అడ్డంకే. ఫైర్‌ఫాక్స్ లో వాడుకరి ఒక ప్రధాన సంకేతపదాన్ని పెట్టుకోకపోతే, ప్రొఫైలును నకలు తీసుకొన్నవారెవరైనా వాటిని చదవగలరు. మరమ్మతుకు కంప్యూటరును ఇచ్చేముందు ఈ తేడా తెలిసి ఉండాలి.

ఫోన్లలో

ఆండ్రాయిడ్ లినక్సు మీద కట్టినదే అయినా ఇక్కడ ఒక్కొక్క అనువర్తనాన్ని ఒక్కొక్క వాడుకరిగా పరిగణిస్తారు. ఒకదాని ఫోల్డరును మరొకటి తెరవలేదు, ఫోను యజమాని కూడా మామూలుగా తెరవలేడు. అనువర్తనాన్ని తీసివేస్తే దాని సొంత ఫోల్డరు కూడా పోతుంది. 2015 నాటి ఆండ్రాయిడ్ 6 నుండి, అనువర్తనం అభ్యంతరపెట్టకపోతే, 25 మెగాబైట్ల వరకు దాని సమాచారం యజమాని గూగుల్ ఖాతాలో భద్రపడుతుంది.

నకలు తీసుకొనే పద్ధతి

యాప్‌డేటాను మొత్తంగా నకలు తీసి, కొత్తగా స్థాపించిన విండోస్ లో మొత్తంగా అతికించడం మంచిది కాదు. పాత యంత్రానికి చెందిన అమరికలు కొత్తదానిలో తగవులు పెట్టవచ్చును. నకలు మొత్తం తీసుకొని ఉంచుకోవచ్చును గాని, తిరిగి పెట్టేటప్పుడు కావలసిన ప్రోగ్రాము ఫోల్డరును మాత్రమే పెట్టాలి. రెండు సందర్భాలలోను ముందుగా ఆ ప్రోగ్రామును మూసివేయాలి. తెరిచి ఉన్న ఫైలు నకలు సరిగా రాదు.

ముఖ్యంగా చూసుకోవలసినవి రోమింగ్ లో మొజిల్లా, థండర్‌బర్డ్, లిబ్రెఆఫీస్, మైక్రోసాఫ్ట్ లోపలి యూప్రూఫ్, టెంప్లేట్స్, ఆఫీస్. లోకల్ లో గూగుల్ లోపలి క్రోమ్, మైక్రోసాఫ్ట్ లోపలి ఔట్‌లుక్, విండోస్ లోపలి ఫాంట్స్. థండర్‌బర్డ్ లో పాత పద్ధతిలో దించుకొన్న ఉత్తరాలకు సర్వరులో ప్రతి ఉండకపోవచ్చును కనుక దానిని మొదట తీయాలి. మరమ్మతు చేసే కుర్రవాడికి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అని చెప్పి ఊరుకోకుండా, ఈ పేర్లను కాగితం మీద వ్రాసి ఇవ్వడం ఉత్తమం.

ఫార్మాట్ చేయకుండా పాతదాని మీదనే విండోస్ ను తిరిగి స్థాపించి ఉంటే, పాత ప్రొఫైళ్ళు సి డ్రైవులో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డరులో కొంతకాలం మిగిలి ఉంటాయి. విండోస్ 10, 11 లలో ఇది సాధారణంగా 10 రోజుల తరువాత దానంతట అదే తొలగిపోతుంది. ఏదో పోయిందని గమనించిన రోజునే అందులోని యూజర్స్ ను వెదకాలి.

నకలును అదే కంప్యూటరులోని డి డ్రైవులో ఉంచేవారు చాలామంది. సి, డి అనేవి తరచు ఒకే డిస్కు మీది రెండు భాగాలు, డిస్కు చెడితే రెండూ చెడతాయి. వేరే డిస్కులో ఉంచినా అదే బల్ల సొరుగులో ఉంచడం సగం జాగ్రత్తే. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలలో ఇళ్ళలోనికి నీరు వచ్చిన లంక గ్రామాలవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఒక ప్రతిని మరో ఊరిలోని బంధువుల ఇంటిలోనో, అంతర్జాలంలోనో ఉంచాలి. సొంత నిఘంటువు, ఆటోకరెక్ట్ జాబితా, పత్రాల నమూనా కలిపినా సాధారణంగా కొద్ది మెగాబైట్లు మించవు. వాటిని తనకు తానే ఒక మెయిలుకు జతచేసి పంపుకొన్నా సరిపోతుంది.